బాల్కనీలో ఇరువురు విమర్శకులు

సినిమా ముగిసినది. జనము వెలుపలికి వచ్చుచున్నారు. ఒకరు "బాగున్నది" అందురు, ప్రక్కనున్నవారు "ఏమి బాగున్నది?" అని అడుగుదురు. ఇక వాదము మొదలగును. చిత్రము రెండున్నర గంటలలో ముగిసినను ఈ వాదము ఇల్లు చేరి, భోజనముల కడ కూర్చుండి, మరునాటి ఉదయము కాఫీవేళ వరకు సాగుచుండును. సినిమాలు చూచు ప్రతి కుటుంబమునకును ఇది అనుభవమే. అయితే ఈ వాదమునే ఒక కార్యక్రమముగా మలచి, ఒక దేశమునకంతకును వారము వారము చూపవచ్చునని తోచుటకు, చలనచిత్రములు పుట్టిన పిదప సుమారు ఎనుబది సంవత్సరములు పట్టినది.

అట్లు తోచిన చోటు అమెరికాలోని చికాగో నగరము, సంవత్సరము 1975. ఆ నగరమున డబ్ల్యు.టి.టి.డబ్ల్యు. అను ప్రజాసేవా టెలివిజను కేంద్రము కలదు. వ్యాపార ప్రకటనల మీద కాక, ప్రజల విరాళముల మీదను ఇతర సహాయముల మీదను నడచు కేంద్రమది. ఆ యేడు అది "ఓపెనింగ్ సూన్ ఎట్ ఎ థియేటర్ నియర్ యు" అను పొడవైన పేరుతో, నెలకొకమారు వచ్చు ఒక అరగంట కార్యక్రమమును ప్రారంభించెను. త్వరలో మీ సమీపపు సినిమాహాలులో విడుదల అని దాని అర్థము. కొంతకాలమునకు ఈ పేరు "స్నీక్ ప్రివ్యూస్"గా మారినది. 1978 నుండి పి.బి.ఎస్. అను ప్రజా టెలివిజను వ్యవస్థ ద్వారా ఈ కార్యక్రమము దేశమంతటను ప్రసారము కాజొచ్చెను.

ఇందు పాల్గొన్నవారు ఇరువురే. ఒకరు రోజర్ ఎబర్ట్. 1942లో ఇల్లినాయ్ రాష్ట్రమందలి అర్బానాలో జన్మించి, 1967 నుండి "చికాగో సన్-టైమ్స్" పత్రికకు చలనచిత్ర విమర్శకుడుగా నుండిరి. 1975లో వీరికి విమర్శరచనకు పులిట్జర్ బహుమానము లభించినది. చలనచిత్ర విమర్శకునికి ఆ బహుమానము దక్కుట అదియే మొదలు. రెండవవారు జీన్ సిస్కెల్. 1946లో చికాగోలోనే జన్మించిరి. యేల్ విశ్వవిద్యాలయమున తత్త్వశాస్త్రము చదివిరి. 1969 నుండి "చికాగో ట్రిబ్యూన్" పత్రికకు చలనచిత్ర విమర్శకులు. ఈ రెండు పత్రికలును ఒకే నగరమున ఒకదానితో నొకటి పోటీపడునవి. కావున వాటి విమర్శకులును పోటీదారులే. ఒకరి కన్న ముందు మరియొకరు వార్త సంపాదింపవలెను. ఒకరి కన్న బాగుగ మరియొకరు వ్రాయవలెను. అట్టివారిని ఒక్కచోట కూర్చుండబెట్టుటయే ఆ కార్యక్రమమునందలి తొలి సాహసము.

మన సాహిత్యమున జంటకవులు పెక్కురు కలరు. తిరుపతి వేంకట కవుల పద్యమును చదివి, ఏ పాదమును ఎవరు చెప్పిరో విడదీయుట సులభము కాదు. సిస్కెల్, ఎబర్టుల జంట దీనికి పూర్తిగ విరుద్ధము. ఎవరి మాట వారిదే. బుర్రకథలో కథకునికి ఇరువైపుల వంతలు నిలిచి "తందాన" అందురు గదా! ఇచట ఇరువురును కథకులే. తందాన అనువారు లేరు. తుదకు కార్యక్రమమునకు తమ పేర్లు పెట్టవలసి వచ్చినపుడు, ఎవరి పేరు ముందుండవలెనను తగవును నాణెము ఎగురవేసి తీర్చుకొనిరని ప్రసిద్ధి. సిస్కెల్ గెలిచిరి, ఆయన పేరే ముందు నిలిచినది.

తొలి దినములలో వీరికి టెలివిజనులో మాటలాడు విద్య అబ్బలేదు. పత్రికకు వ్రాయుట వేరు, కెమెరా ఎదుట పలుకుట వేరు. కార్యక్రమమును తీర్చిదిద్దిన నిర్మాత థియా ఫ్లామ్ అను మహిళ. ఇరువురిని ఒక సినిమాహాలు బాల్కనీలో కూర్చున్నట్లుగ అమర్చుట, వీరు ప్రేక్షకునికి ఉపన్యాసము చెప్పుట మాని ఒకరితోనొకరు మాటలాడుకొనునట్లు చేయుట, ఆ రూపమునకు జీవనాడి. బాల్కనీ యనగా మనకును తెలియనిది కాదు. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ అను తరగతులుగ జనము కూర్చుండి సినిమాలు చూచిన దేశము మనది. వారి బాల్కనీలో మాత్రము టిక్కెట్టు కొన్నవారిద్దరే; తక్కిన దేశమంతయు వారి వెనుక వరుసలో కూర్చుండి వారి మాటలను చాటుగ వినుచున్నట్లుండెడిది.

నేనీ కార్యక్రమమును ప్రసారమైన కాలమున చూచినవాడను కాను. చాలకాలము పిదప, అమెరికాలోని కుటుంబములవారు తమ ఇండ్లలో క్యాసెట్ల మీద పట్టియుంచుకొనగా నేటికి మిగిలిన ప్రతులను చూచితిని. బొమ్మ మీద గీతలు పరుగిడును. మొదట చివర ఏవో సబ్బుల ప్రకటనలు తొంగిచూచును. అయినను ఒకటి రెండు భాగములు చూచునప్పటికి దాని పద్ధతి బోధపడును. ఒక్కొక్క కార్యక్రమమున నాలుగైదు క్రొత్త చిత్రములు. ఒకరు ముందుగ వ్రాసికొన్న మాటలతో చిత్రమును పరిచయము చేయుదురు. చిత్రములోని ఒక చిన్న దృశ్యమును చూపుదురు. తరువాత రెండవవారు నోరు విప్పుదురు. అక్కడి నుండి వ్రాతప్రతి లేదు. "ఈ దృశ్యములో నీకు నవ్వు ఎందుకు వచ్చినది?" అని ఒకరు నిలదీయుదురు. "నీవు చూచినది వేరొక చిత్రమేమో!" అని రెండవవారు ఎత్తిపొడుతురు. ఈ రెండు మూడు నిమిషముల సంవాదమే కార్యక్రమమునకు ప్రాణము.

ప్రసారవృత్తిలో నుండువాడనగుటచే ఈ ప్రాణమెచ్చట నున్నదని నేను శ్రద్ధగ వెదకితిని. వాదమున గెలుపు కొరకు వీరు మాటలాడినపుడు అది కోడిపందెము వంటిదే. చూచుటకు వేడుక, మరునాటికి మిగులునదేమియు లేదు. కాని ఒకరి ప్రశ్నకు జవాబు చెప్పవలసి వచ్చి, రెండవవారు తమ అభిప్రాయమునకు మూలమైన కారణమును వెదకికొనిన ఘట్టములు కలవు. అప్పుడు ఇంటనున్న ప్రేక్షకునికి లభించునది తీర్పు కాదు. తీర్పు చెప్పు విద్య. వాదము వలన తత్త్వము తేలునని మన పెద్దలు చెప్పినది ఇట్టి ఘట్టములకే వర్తించును.

రెండు ఉదాహరణములు చెప్పెదను. 1986లో డేవిడ్ లించ్ దర్శకత్వమున "బ్లూ వెల్వెట్" అను చిత్రము వచ్చినది. నటి ఇసబెల్లా రోసెలీనిని అవమానకరములైన దృశ్యములలో నిలిపి, ఆమె పడిన శ్రమకు తగిన గాంభీర్యమును చిత్రము చూపలేదనియు, నడుమ నడుమ వేళాకోళమునకు దిగినదనియు ఎబర్ట్ నిరసించిరి. సిస్కెల్ మెచ్చుకొనిరి. ఇందు తేలినది చిత్రము బాగోగులు మాత్రమే కాదు. నటీనటుల యెడ దర్శకునికి గల బాధ్యత యెంత అను ప్రశ్న. ఆ ప్రశ్న నేటికిని తీరలేదు.

మరుసటి సంవత్సరము, 1987లో, స్టాన్లీ కూబ్రిక్ తీసిన "ఫుల్ మెటల్ జాకెట్" అను యుద్ధచిత్రమును ఎబర్ట్ త్రోసిపుచ్చిరి. అదే కార్యక్రమమున "బెంజీ ది హంటెడ్" అను కుక్క చిత్రమును మెచ్చిరి! సిస్కెల్ ఊరకుందురా? కూబ్రిక్ కన్న కుక్క మేలా యని పట్టుకొనిరి. ఎబర్ట్ సమాధానము గమనింపదగినది. ఒక్కొక్క చిత్రమును అది చేయబూనిన పనితో పోల్చి కొలువవలెను గాని, కుక్క చిత్రమును కూబ్రిక్ చిత్రముతో పోల్చరాదని వారి వాదము. ఎగతాళిగ మొదలైన మాట విమర్శసూత్రముగ ముగిసినది. ఇంటనున్నవారు ఏ పక్షమునకైనను మొగ్గవచ్చును. కాని ఆలోచింపక మొగ్గుటకు వీలులేదు.

విమర్శకుని తీర్పు జోస్యము కాదని గూడ వీరి చరిత్ర తెలుపును. 1991 నాటి "ది సైలెన్స్ ఆఫ్ ది లాంబ్స్" చిత్రము సిస్కెలునకు నచ్చలేదు. ఆ చిత్రమునకు మరుసటి యేడు ఉత్తమ చిత్రము, దర్శకుడు, నటుడు, నటి, అనుసరణ చిత్రానువాదము అను అయిదు ప్రధానమైన ఆస్కారులు లభించినవి. లోకము మెచ్చినదని సిస్కెల్ మాట తప్పగునా? తనకు నచ్చనిదానిని నచ్చలేదనుటయే విమర్శకుని ధర్మము. లోకము ఎటు పోవునో ముందుగ పసిగట్టి అటు తలయూచువాడు వ్యాపారి కావచ్చును.

ఇక ఈ బాల్కనీ కబుర్లు చిన్న చిత్రములకు చేసిన మేలును చెప్పవలెను. పెద్ద చిత్రమునకు ప్రచారధనముండును. చిన్న చిత్రము రెండు మూడు హాళ్లలో విడుదలయగును. మొదటి వారమున జనము రానిచో రెండవ వారము ఉండదు. 1981లో ఫ్రెంచి దర్శకుడు లూయీ మాల్ తీసిన "మై డిన్నర్ విత్ ఆంద్రే" అట్టిదే. ఇద్దరు మిత్రులు ఒక భోజనశాలలో కూర్చుండి మాటలాడుకొందురు. దాదాపుగ చిత్రమంతయు అంతే. ఇట్టి చిత్రమును ఎవరు చూతురు? ఈ ఇరువురును మనసార మెచ్చుకొని చెప్పుటతో దానికి ప్రేక్షకులు పెరిగిరి. ఎరల్ మోరిస్ తీసిన "గేట్స్ ఆఫ్ హెవెన్" పెంపుడు జంతువుల శ్మశానములను గూర్చిన డాక్యుమెంటరీ. దానిని వీరు ఒకమారు చెప్పి ఊరకొనక, సందర్భము కల్పించుకొని మరల మరల ప్రస్తావించిరి. ఎబర్ట్ తమకు ప్రపంచమున అత్యంత ప్రియములైన పది చిత్రముల పట్టికలో దానిని చేర్చిరి.

అన్నింటి కన్న పెద్ద కథ "హూప్ డ్రీమ్స్" అను డాక్యుమెంటరీది. చికాగో నగరమున పేద కుటుంబములకు చెందిన ఇద్దరు నల్లజాతి బాలురు బాస్కెట్‌బాల్ ఆటతో జీవితమున పైకి రాగోరి పడిన పాట్లను, కొన్ని సంవత్సరముల పాటు వెన్నంటి చిత్రించిన కృతి యిది. దర్శకుడు స్టీవ్ జేమ్స్. నిడివి మూడు గంటలకు కొద్దిగ తక్కువ. 1994 జనవరిలో సన్‌డాన్సు చలనచిత్రోత్సవమున ప్రదర్శితమైనపుడే, ఇంకను హాళ్లకు రాని ఈ చిత్రమును గూర్చి సిస్కెల్, ఎబర్టులు తమ కార్యక్రమమున చాటిరి. సంవత్సరాంతమున ఇరువురును దానినే ఆ యేటి ఉత్తమ చిత్రముగ ఎన్నుకొనిరి. అయినను ఉత్తమ డాక్యుమెంటరీ విభాగమున ఆస్కారునకు దాని పేరు ప్రతిపాదింపబడలేదు. దానిపై చెలరేగిన నిరసన వలన, డాక్యుమెంటరీలను ఎన్నుకొను పద్ధతినే అకాడమీ సవరించుకొనవలసి వచ్చెను.

ఒక్కొక్కప్పుడు వీరు వారపు చిత్రములను ప్రక్కనుంచి, ఒకే విషయమునకు అరగంటయు కేటాయించుచుండిరి. 1980లో ఒక కార్యక్రమమును, స్త్రీలను వెంటాడి చంపుటయే కథగా గల చిత్రముల మీద నడపిరి. ఆ కాలమున "ఫ్రైడే ది థర్టీంత్" వంటివి ధనమును కుప్పలుగ రాల్చుచున్నవి. హింస యున్నది గనుక చెడ్డవని మాత్రమే వీరు చెప్పలేదు. కెమెరా ఎవరి కన్నుతో చూచుచున్నదో గమనింపుడనిరి. చంపువాని కన్నుతో కెమెరా చూచినచో ప్రేక్షకుడును వాని ప్రక్క చేరును. బాధితురాలి భయమును మనకు పంచినచో అది వేరు. ఈ భేదము చేతనే వీరు 1978 నాటి "హాలోవీన్" చిత్రమును మెచ్చుకొని తక్కినవానిని ఖండించిరి. కెమెరాకు ఒక పక్షముండునన్న ఈ పాఠము సామాన్య కుటుంబముల ముంగిట చేరుట చిన్న విషయము కాదు.

1986లో మరియొక కార్యక్రమమున, నలుపు తెలుపు చిత్రములకు కంప్యూటరుతో రంగులు పూయుటను విధ్వంసమని నిందించిరి. 1989లో నలుపు తెలుపుల సౌందర్యమును వివరింప నెంచి, ఒక కార్యక్రమమునంతను నలుపు తెలుపులలోనే ప్రసారము చేసిరి. ఈ రంగుల తగవు మన ఇంటికిని వచ్చినదే. 1957 నాటి "మాయాబజారు"కు రంగులద్దిన ప్రతి 2010లో విడుదలయైనపుడు సంతోషించినవారును కలరు, మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణమందలి వెన్నెల వెలుగు ఏమైనదని చింతించినవారును కలరు. చికాగో బాల్కనీలోని ఇరువురు ఏ పక్షమున నుందురో చెప్పనక్కరలేదు.

ఇంతవరకు బొటనవ్రేలి ప్రసక్తి రాలేదు. ఈ కార్యక్రమము పేరు విన్నవారికి మొదట తోచునది అదియే. కాని చరిత్రలో అది మొదటిది కాదు. 1982లో సిస్కెల్, ఎబర్టులు ప్రజా టెలివిజనును విడచి, "ఎట్ ది మూవీస్" అను పేరుతో వ్యాపార సంస్థ పక్షమున కార్యక్రమము నడపిరి. 1986లో దానిని గూడ విడచి, డిస్నీ సంస్థకు చెందిన బ్యూనా విస్టా పక్షమునకు మారిరి. అంతవరకు చిత్రమును చూడవచ్చునా యన్నదానికి అవుననియో కాదనియో చెప్పుచుండిరి. 1986 నుండి దాని స్థానమున బొటనవ్రేలు ప్రవేశించినది. నచ్చినచో వ్రేలు పైకి, నచ్చనిచో క్రిందికి. ఇద్దరి వ్రేళ్లును పైకి లేచినచో, ఆ మాటను చిత్రనిర్మాతలు ప్రకటనలలో పెద్ద అక్షరములతో అచ్చువేసికొనిరి. తుదకు ఆ మాటను వ్యాపారచిహ్నముగ రిజిస్టరు చేయించుట గూడ జరిగినది.

బొటనవ్రేలనగానే మనకు ఏకలవ్యుడు స్మృతికి వచ్చును. అతడు వ్రేలినిచ్చి కీర్తి పొందెను గాని వింటివిద్యను కోల్పోయెను. ఈ విమర్శకులును వ్రేలినిచ్చి కీర్తి పొందిరి. మరి విద్య మిగిలెనా? ఈ ప్రశ్నను తోటి విమర్శకులే అడిగిరి. 1990లో రిచర్డ్ కార్లిస్ అను విమర్శకుడు "ఫిల్మ్ కామెంట్" పత్రికలో ఒక వ్యాసము వ్రాసి, వ్రేళ్లతోను చుక్కలతోను మార్కులతోను చలనచిత్ర విమర్శ కుదించుకొనిపోవుచున్నదని వాపోయెను. ఎబర్ట్ అదే పత్రికలో బదులిచ్చిరి. తమ టెలివిజను కార్యక్రమము లోతైన విమర్శయని వారు వాదింపలేదు. దేశమందలి ప్రేక్షకులకు ఏయే చిత్రములు వచ్చుచున్నవో, వానిపై భిన్నాభిప్రాయములు ఎట్లుండునో తెలుపుటయు ఒక సేవయే యనిరి. వారు వారము వారము పత్రికలో విపులముగ వ్రాయుచుండినవారే గనుక ఆ మాట అనుటకు వారికి అర్హత కలదు.

ఇరువురి వాదములలోను నిజమున్నది. వ్రేలు కుదించినది నిజమే. కాని వ్రేలిని లేపుటకు ముందు రెండు నిమిషముల సంవాదమున్నదను మాటయు నిజమే. 1996లో జరిగిన ఒక సంఘటన దీనిని చక్కగ చూపును. జాన్ వూ తీసిన "బ్రోకెన్ ఆరో" అను చిత్రమునకు సిస్కెల్ మొదట వ్రేలు పైకెత్తిరి. పిదప ఎబర్ట్ తమ అభ్యంతరములను వివరించిరి. విని, కార్యక్రమము నడుచుచుండగనే, సిస్కెల్ తమ మనసు మార్చుకొని వ్రేలిని క్రిందికి త్రిప్పిరి. ఎన్నో ఏండ్లుగ తమతో పోటీపడుచున్నవాని మాటను, దేశము చూచుచుండగ, సరియేయని ఒప్పుకొనుట ఎంతటి కష్టమో వాదమెరిగిన ప్రతివారికిని తెలియును. ఎదుటివాని మాటకు చెవియొగ్గినవానికే అట్లు త్రిప్పుట సాధ్యము.

బ్రిటనులో ఇట్టి పనినే బి.బి.సి. ఒంటరి విమర్శకునితో నిర్వహించినది. 1972 నుండి 1998 వరకు బారీ నార్మన్ నడపిన కార్యక్రమమునకు "ఫిల్మ్ 72" మొదలుగ ఏ యేటి అంకె ఆ యేడు చేరుచుండెడిది. ఆయన చమత్కారమునకు ఎందరో అభిమానులు. ఇతరుల చేతులలో ఆ కార్యక్రమము 2018 వరకు నిలిచినది. ఒకని అభిరుచి పరిచితమైన కొలది దానిని మనకు కొలబద్దగ వాడుకొనవచ్చుననుట ఆ పద్ధతిలోని సుగుణము. కాని కొలబద్దను ప్రశ్నించువాడు అచట లేడు.

చికాగో జంటకు ముగింపు తొందరగనే వచ్చినది. 1998లో సిస్కెలునకు మెదడులో కంతికి శస్త్రచికిత్స జరిగినది. ఆ పిదప కొంతకాలము ఆసుపత్రి నుండి టెలిఫోను ద్వారా కార్యక్రమమున పాల్గొనిరి. బాల్కనీలో ఒక కుర్చీ ఖాళీగ నున్నది; రెండవ కుర్చీలోని మనిషి గాలిలో వచ్చు గొంతుతో వాదించుచున్నాడు. రేడియోలో పనిచేయు నావంటివానికి అది మరపురాని దృశ్యము. మాట యున్నంతవరకు మనిషి యున్నట్లే. 1999 ఫిబ్రవరి 20వ తేదీన, 53వ యేట, సిస్కెల్ కన్నుమూసిరి. 2000 నుండి రిచర్డ్ రోపర్ అను పత్రికారచయిత ఎబర్ట్ ప్రక్కన కూర్చుండిరి. 2002లో ఎబర్టునకు గళమున క్యాన్సరు వ్యాధి బయటపడినది. 2006లో శస్త్రచికిత్సల ఫలితముగ వారు మాటను పూర్తిగ కోల్పోయిరి. మాట పోయినను కలము ఆగలేదు. 2013 ఏప్రిల్ 4వ తేదీన మరణించువరకు చిత్రములను గూర్చి వ్రాయుచునే యుండిరి. వారి జీవితము మీద "లైఫ్ ఇట్‌సెల్ఫ్" అను చిత్రము 2014లో వచ్చినది. దాని దర్శకుడు "హూప్ డ్రీమ్స్" తీసిన స్టీవ్ జేమ్సే. కార్యక్రమము మాత్రము వేరు వేరు విమర్శకులతో నడచి 2010లో ముగిసినది. మరుసటి యేడు ఎబర్ట్ దానిని క్రొత్త రూపమున ప్రజా టెలివిజనులో పునరుద్ధరింప యత్నించిరి గాని చిరకాలము నిలువలేదు.

సిస్కెల్ మరణమునకు కొద్ది నెలల ముందు, 1998 ఆగస్టులో, "రాటెన్ టొమేటోస్" అను వెబ్‌సైటు వెలసినది. అనేకుల సమీక్షలను సేకరించి, ఒక్కొక్కటి మెప్పా నిరసనయా యని రెండుగ విభజించి, మెచ్చినవారు నూటికి ఎందరో లెక్కగట్టి చూపుట దాని పద్ధతి. అరువది లేక అంతకు మించినచో చిత్రము తాజా, తగ్గినచో కుళ్లు. బొటనవ్రేలి వంశమున పుట్టినదే యిదియును. అయితే ఒక్క తేడా. ఆ అంకెలో వందల వ్రేళ్లున్నవి. ఎదురెదురుగ కూర్చున్న ఇద్దరు మనుషులు లేరు. నూటికి డెబ్బదియని తెలిసినంత మాత్రాన, తక్కిన ముప్పదిమంది ఏల కాదనిరో తెలియదు. ఆ ముప్పదిమంది మాటలు విని, డెబ్బదిమందిలో నొకడు తన వ్రేలిని త్రిప్పు అవకాశమును లేదు. తీర్పు మిగిలినది, సంవాదము జారిపోయినది.

జారిపోయిన దానిని పట్టి నిలిపినదెవరు? ఇది కథలో చివరి ఘట్టము. ఆ కార్యక్రమము మొదలైన 1975వ సంవత్సరముననే సోనీ సంస్థవారి బీటామాక్స్ అను ఇంటి వీడియో రికార్డరు విపణిలోనికి వచ్చినది. ఇంట కూర్చుండి ప్రసారములను పట్టుకొనుట నేరమా యను వ్యాజ్యము అమెరికా సుప్రీముకోర్టు వరకు పోయి, 1984లో, అయిదుగురు ఒక పక్షమున నలుగురు మరియొక పక్షమున నుండగా, తరువాత తీరికగ చూచుకొనుటకు పట్టుకొనుట నేరము కాదని తీర్పు వచ్చినది. నాటి ప్రసారములను కొందరు గృహస్థులు ఎందుకు పట్టియుంచుకొనిరో! ఒకరు ఆ వారము ఇంట లేకపోవచ్చును. ఒకరికి ఫలానా చిత్రము మీద మక్కువ కావచ్చును. 1986 పిదపటి సమీక్షలను సంస్థవారే కొంతకాలము ఒక వెబ్‌సైటులో ఉంచి, 2010లో కార్యక్రమముతో పాటు దానినిగూడ తొలగించిరి. నేడు ఆ సంభాషణలలో పెక్కింటిని మనము వినగలుగుచున్నామనిన, అది ఆ గృహస్థుల చలువ. అటకల మీది క్యాసెట్లను దుమ్ము దులిపి, అభిమానులు ఒక్కొక్కటిగ పోగుచేసిరి.

ఈ మాట నాకు బాగుగ తగులుటకు స్వానుభవమొకటి కలదు. ఉద్యోగమున చేరిన క్రొత్తలో ఒక పాత స్పూలు టేపుల బీరువాను సర్దవలసి వచ్చినది. ఒక అట్టపెట్టె మీద చక్కని దస్తూరీతో ఒక పండితుని పేరు, ప్రసంగవిషయము, తేదీ వ్రాసియున్నవి. ఆశతో టేపును యంత్రము మీద కెక్కించి త్రిప్పితిని. పండితుని గొంతు లేదు. ఎరువుల వాడకమును గూర్చిన ఒక ప్రకటన వినవచ్చినది. టేపు ఖరీదైన వస్తువు. తుడిచి మరల వాడుకొనుట నాటి ఆచారము. ఎవరిని తప్పుపట్టగలము? ఆ ప్రసంగము పూర్వమొక సంచికలో అచ్చుపడి యుండుటచే మాటలైన మిగిలినవి. ఏ మాట మీద వారు నవ్విరో, ఏ మాట కడ ఒక క్షణము ఆగిరో, అది మాత్రము పోయినది. ప్రసంగపాఠములను ఇట్లు పుటలకెక్కించునపుడెల్ల నాకా అట్టపెట్టె గుర్తుకు వచ్చుచుండును.

పాఠకులలో కొందరి ఇండ్లలోను పాత క్యాసెట్లు ఉండవచ్చును. రేడియో నుండి పట్టుకొన్న ఒక సంక్షిప్త శబ్దచిత్రమో, ఒక నాటకమో, ఇద్దరు పెద్దలు ఒక పుస్తకమును గూర్చి వాదించుకొన్న చర్చయో. ఇల్లు సర్దునపుడు వానిని పారవేయుటకు ముందు ఒకమారు వినుడు. అది ఏ సంవత్సరమునాటిదో, ఎవరి గొంతులో తెలిసినంతవరకు పైన వ్రాసియుంచుడు. తీర్పులు ఎటులైన మిగులును. వానికి పత్రికలున్నవి, పట్టికలున్నవి, ఇప్పుడు అంకెలును ఉన్నవి. ఒకరి మాట నొకరు అడ్డుకొనుచు, నవ్వుచు, కోపించుచు, నడుమ ఒక్కక్షణము ఆగి "అవును, నీవన్నదియు నిజమే" అను గొంతు మాత్రము ఏ యింటి అటక మీదనో ఉన్ననే ఉండును.